గట్టులో లేని రాయి

పెన్నమ్మ చేచి, అంటే పెన్నమ్మక్క, బాతులు మేపుకుని బతికిన మనిషి. కేరళ కుట్టనాడులో మా వైపు పొలాలు కాయల్ సరస్సు నీటిమట్టం కంటే కిందుగా ఉంటాయి. చుట్టూ గట్టు నిలిస్తే వరి, లేకపోతే నీళ్లు. కోతలు అయిన మడుల్లోకి ఆమె బాతుల మందను తోలుకుని వెళ్లేది. భర్త ఔసేప్పు బతికినన్నాళ్లూ ఒక చిన్న పార్టీకి జెండాలు మోశాడు. ఆయన పోయాక మా వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. పార్టీ లోకల్ సెక్రటరీ తంపిచ్చాయన్ వచ్చి ఆమెను నిలబడమన్నాడు.

"బాతుల్ని అదిలించడం తప్ప నాకు మాట్లాడటం రాదు అచ్చాయా."

"పంచాయతీలో పనికొచ్చే విద్య అదే," అన్నాడాయన.

ఆమె గెలిచింది. పెద్ద పార్టీతో ఆ చిన్న పార్టీ కట్టిన కూటమికి పంచాయతీలో ఒక్క సీటు ఆధిక్యం. అంటే పెన్నమ్మ సీటే. ప్రెసిడెంటు పెద్ద పార్టీ మనిషి, సుగతన్.

సుగతన్ గురించి ఒక సంగతి చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. మహావరద వచ్చిన ఏడు పెన్నమ్మ అత్తగారు మంచం దిగలేని స్థితిలో ఉంది. మంచం కోళ్లు మునిగాయి, తర్వాత పట్టె మునిగింది. పిలిచిన వాళ్లెవరూ రాలేదు. పిలవకుండానే సుగతన్ వచ్చాడు. పడవను గుమ్మం దాకా తెచ్చి, ముసలామెను భుజాన వేసుకుని తీసుకువెళ్లాడు. ఆ తర్వాత ఆమె బతికిన రెండేళ్లూ సాయంత్రం ప్రార్థనలో పునీతుల పేర్ల తర్వాత సుగతన్ పేరు కూడా చెప్పేది.

గట్టు పని మంజూరైంది ఈ కూటమి వచ్చాకే. మట్టిగట్టుకు కాయల్ వైపు రాతికట్టు కట్టాలి. మార్చి నెలాఖరు దగ్గరపడింది, పని పూర్తి కాలేదు. బిల్లు పాస్ చేయకపోతే నిధులు వెనక్కి పోతాయని సుగతన్ కమిటీలో చెప్పాడు. మిగిలిన రాయి ఏప్రిల్‌లో దిగుతుందన్నాడు. ఇలాంటిది ఏటా, ప్రతి పంచాయతీలోనూ జరిగేదే. అందరూ చేతులెత్తారు. పెన్నమ్మ కూడా ఎత్తింది.

మరుసటి మకర మాసంలో, వరి వెన్ను పాలుపోసుకునే వేళ, పోటుకు గట్టు తెగింది. తెల్లవారేసరికి పైరంతా నీళ్ల కింద ఉంది. కౌలు రైతు శివానందన్ గండి పడినచోట గొంతు దాకా దిగి కాళ్లతో, చేతులతో తడిమాడు. మట్టి, కొబ్బరి దుంగలు, అంతే. పైకి చూస్తే గట్టు మీద పెన్నమ్మ నిలబడి ఉంది.

"రాయేది చేచీ?" అన్నాడు.

కోపంగా అనలేదు. ఆమె దగ్గర జవాబు ఉంటుందనే అడిగాడు. ఆమె ఆ ఉదయం బాతుల్ని వదల్లేదని, గూడు ముందు కూర్చుండిపోయిందని పక్కింట్లో ఉండే మా అమ్మ చెప్పింది.

కూటమి సమావేశంలో పెన్నమ్మ అదే ప్రశ్న వేసింది. రాయి ఎందుకు రాలేదో విచారణ జరపమంది. "కాంట్రాక్టరు సంగతి చూద్దాం, ముందు అసెంబ్లీ ఎన్నికలు కానీ," అన్నారు. ఎన్నికలు అయ్యాయి. మళ్లీ అడిగింది. అప్పుడు తంపిచ్చాయన్ ఆమెను వరండాలోకి పిలిచాడు.

"మన పార్టీ ఆఫీసుకి కొత్త కప్పు ఎవరు వేయించారనుకుంటున్నావు?"

"మీరే కదా అచ్చాయా?"

"నేనా! నా ఇంటికే కారుతోంది. ఆ కాంట్రాక్టరే వేయించాడు. అర్థమైందా? ఇక ఊరుకో."

ఆమెకు అర్థమైంది. ఊరుకోలేదు. ఈలోగా ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. వాళ్లకు ఒక్క ఓటు తక్కువ. ఊరంతా పెన్నమ్మ వైపు చూడటం మొదలుపెట్టింది. చేపల సంతలో కూడా "చేచీ, ఎటు?" అని అడిగేవారు. "కర్రపెండలం కొనడానికి," అనేది.

ఒక మధ్యాహ్నం సుగతన్ ఒంటరిగా పడవ నడుపుకుంటూ వచ్చాడు. ఆమె పాలు లేని టీ పెట్టింది. నేను వాళ్ల వంటింటి మెట్టు మీద చేపలు తోముతున్న అమ్మకు నీళ్లు అందిస్తూ ఉన్నాను.

"బాతులు బాగున్నాయా?" అన్నాడు సుగతన్.

"వాటికేం, పొలమంతా చెరువయింది. వాటికి పండగే."

అతను గ్లాసు కింద పెట్టాడు. "నా చేతికి ఒక్క పైసా రాలేదు పెన్నమ్మా. మా అమ్మ మీద ఒట్టు. నిధులు పోతాయని సంతకం పెట్టాను. నువ్వూ చెయ్యెత్తావు."

"ఎత్తాను. ఏప్రిల్‌లో రాయి దిగలేదని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"అడిగావా అతన్ని?"

సుగతన్ కాలువ వైపు చూశాడు. "ఎన్నికలకి పడవలిచ్చాడు, మైకులిచ్చాడు. మీ వాళ్లకీ మా వాళ్లకీ. ఏ మొహంతో అడగను?"

"సరే, ఈ మాటే పొలాలవాళ్లని పిలిచి చెప్పు సుగతన్ చేట్టా. నాకు చెప్పినట్టే చెప్పు. అవిశ్వాసం రోజు నేను గుమ్మం దాటను."

"చెప్తే నేనొక్కణ్ణే పోనుగా. మీ పార్టీ కూడా పోతుంది."

"పోనీ."

"వరదలో మీ అత్తమ్మని ఎత్తుకున్న రోజు మీది ఏ పార్టీ అని అడిగానా నేను?"

పెన్నమ్మ గ్లాసును మళ్లీ అతని వైపు జరిపింది. "అడగలేదు. ఆ రుణం తీరేది కాదు. అందుకే నీ వెనక కాకుండా నీ ఎదుటే అడుగుతున్నా," అంది. అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు. పొలాలవాళ్లను పిలవలేదు.

సమావేశానికి వెళ్లకూడదని పార్టీ విప్ జారీ చేసింది. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది, ఆరేళ్లు పోటీ చేయకూడదు. ఇలాంటప్పుడు మా వైపు మెంబర్లు మాయమవుతారు. మున్నార్‌లో తేలతారు, లేకపోతే ఆస్పత్రిలో. విప్ కాగితం నాకు అందలేదని తర్వాత కోర్టులో వాదించుకుంటారు. ప్రతిపక్ష నాయకుడు దివాకరన్ ఆమెకు ఆ సలహానే ఇచ్చాడు.

"రెండ్రోజులు మా చెల్లెలింట్లో ఉండు చేచీ. సీటు దక్కుతుంది."

"నేను దాక్కుంటే బాతుల్నెవరు చూస్తారు, నువ్వా?"

తంపిచ్చాయన్ ఇద్దరు సాక్షులతో, జిగురు డబ్బాతో వచ్చాడు. మనిషి దొరకకపోతే తలుపుకు అంటించాలి కదా. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తలుపుకి వద్దు అచ్చాయా, మొన్ననే రంగు వేయించాను. చేతికివ్వండి." తీసుకుని, చదువుకుని, అందినట్టు సంతకం పెట్టింది.

ఆయన జిగురు డబ్బా మూత బిగించాడు. "ఔసేప్పు ఉంటే ఇలా చేసేవాడు కాదు."

"చేసేవాడో కాదో నాకూ తెలీదు. అడుగుదామంటే లేడు."

ఆ రోజు హాల్లో కూటమి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె తన కుర్చీలోనే, ఆ ఖాళీల మధ్య కూర్చుంది. ఓటు కాగితం వెనక పేరు రాసి సంతకం చేయాలి. చేసింది. తీర్మానం నెగ్గగానే దివాకరన్ మనుషులు చప్పట్లు కొట్టారు.

"చప్పట్లు ఆపండి," అంది పెన్నమ్మ. "మీకోసం వేయలేదు. ఆ బిల్లుకి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, విచారణలో నా పేరు కూడా రాయండి. రేపు ఆ కుర్చీలో మీరు కూర్చున్నా రాయేదని అడుగుతాను."

అడిగే వీలు ఆమెకు ఎక్కువ రోజులు లేదు. సభ్యత్వం రద్దయింది. విజిలెన్స్ వాళ్లు వచ్చి గండి కొలుచుకుని, ఆమె చెప్పింది రాసుకుని వెళ్లారు. ఇంకా ఏమీ తేలలేదు. కాంట్రాక్టరు మరో పంచాయతీలో పని చేస్తున్నాడు. సుగతన్ పడవల రేవులో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. ఆమె మాత్రం ఆగి, "అమ్మకెలా ఉంది?" అని అడిగి, జవాబు రాకపోయినా కాసేపు నిలబడి వెళ్తుంది. పార్టీ ఆఫీసు గోడ మీద ఉన్న ఔసేప్పు ఫొటోను ఎవరితోనో ఇంటికి పంపేశారు. "ఇన్నేళ్లకి ఇంటి పట్టున ఉంటున్నాడు," అని ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

ఆమె సీటుకు ఉప ఎన్నిక వచ్చింది. కూటమి తంపిచ్చాయన్ తమ్ముడి కోడలు జిన్సిని నిలబెట్టింది. పాతికేళ్ల పిల్ల, కొంగు సర్దుకోవడం కూడా ఇంకా రాదు. ఓట్లడుగుతూ వాళ్ల పడవ పెన్నమ్మ రేవుకూ వచ్చింది. తంపిచ్చాయన్ పడవ దిగలేదు. జిన్సి ఒక్కతే గుమ్మం దాకా వచ్చి చేతులు జోడించింది.

పెన్నమ్మ ఆమెను కూర్చోమని, "గెలిస్తే గట్టు రాయి సంగతి అడుగుతావా?" అంది.

జిన్సి వెనక్కి తిరిగి పడవ వైపు చూసింది. గొంతు బాగా తగ్గించి, "అడుగుతాను చేచీ. కానీ ఆ మాట ఇక్కడ పైకి అనలేను," అంది.

"అలాగా," అంది పెన్నమ్మ, ఆమె చేతికి టీ గ్లాసు ఇస్తూ. "అయితే నా ఓటెవరికో నేనూ ఇక్కడ చెప్పను."