కాగితంలో ఆఖరి లైను

మొన్నటి వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం చొక్కా విప్పి అద్దంలో చూసుకుంటే, మెడ నుంచి పొట్టదాకా ఎర్రగా, ఎత్తుగా, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ దద్దుర్లు. అప్పుడే గీసిన కొత్త జిల్లాల పటంలా ఉన్నాను. మా ప్రాంతం వాళ్ళకు జిల్లా పటాలు మారడం అలవాటే కాబట్టి పెద్దగా కంగారు పడలేదు. డాక్టరమ్మ నా మనవరాలి ఈడుది. ఒళ్ళు వేడెక్కితే లేచే దద్దుర్లని చెప్పి, రోజుకొక మాత్ర రాసిచ్చింది. మందుల దుకాణం ఆయన మాత్రలు చేతిలో పెడుతూ, "ఇది పాత రకం కాదు సార్, నిద్ర రాదు. బండి కూడా నడుపుకోవచ్చు" అన్నాడు. నేను కదల్లేదు. వినపడలేదేమో అనుకొని, ఇంకొంచెం గట్టిగా, "బండి నడుపుకోవచ్చు సార్!" అన్నాడు. నాకు బండి లేదు. ఆ వయసూ దాటిపోయింది. వెనక నిలబడినవాళ్ళు నన్ను పక్కకు జరిపేదాకా నేను అక్కడే నిలబడి, మనసులో మాత్రం మా చిన్నాయన బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చొని ఉన్నాను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, బస్సు డ్రైవరు. మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న కాలమది. రాష్ట్రం కొత్తది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి ఎన్నాళ్ళో కాలేదు. ఆ వార్తను మా ఊరు, పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయినంత మామూలుగా తీసుకుంది. మాది కంభానికీ గిద్దలూరుకూ నడుమ రోడ్డు పక్క పల్లె. గొర్రెలున్న ఇల్లు. గొర్రెలకు సరిపోగా మిగిలిన చోట మేముండేవాళ్ళం. ఆ ఇంట్లోంచి ఇద్దరమే గొర్రెల వెంట పోకుండా తప్పించుకున్నాం. చిన్నాయన స్టీరింగు పట్టుకొని, నేను కర్నూలు కాలేజీలో పుస్తకం పట్టుకొని. ఇద్దరిలో ఆయనకే గౌరవం ఎక్కువ. పుస్తకం పట్టుకున్నవాడు ఎవరినీ ఎక్కించుకొని నంద్యాల తీసుకుపోలేడు కదా.

ఆయన బస్సు పొద్దున మార్కాపురంలో బయల్దేరి, కంభం, మా ఊరు, గిద్దలూరు దాటి, నల్లమల కనుమ ఎక్కి దిగి నంద్యాల చేరేది. మరునాడు అదే దారిన వెనక్కి. ముందుకు పొడుచుకొచ్చిన మూతి, ఆ మూతిలో ఇంజను, డ్రైవరు కాళ్ళ కింద చెక్క పలకలు. ఆ పలకల సందుల్లోంచి వేడి పైకి తన్నేది. పొయ్యి మీద కాళ్ళు పెట్టుకొని ఊళ్ళు తిరిగే ఉద్యోగం. మామూలు మనిషికే కష్టం. మా చిన్నాయనకు ఒళ్ళు వేడెక్కితే దద్దుర్లు లేస్తాయి. కంభానికి మోకాళ్ళ దాకా, గిద్దలూరుకు నడుం దాకా, కనుమ ఎక్కేసరికి మెడ దాకా. డ్రైవరు ఒంటిని చూసి బండి ఎక్కడుందో చెప్పొచ్చని కండక్టరు అనేవాడు. వాగు కనిపించినా, బావి కనిపించినా బండి ఆపి, ఒక బకెట్టు రేడియేటర్లో, ఒక బకెట్టు తన నెత్తిన పోసుకొనేవాడు. "ఏందబ్బా, నీళ్ళు బండికా నీకా?" అని లోపలినుంచి ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. "మా ఇద్దరిదీ ఒకటే ఒళ్ళు మామా" అనేవాడు, నీళ్ళు కార్చుకుంటూ.

ఇది నవ్వులాటగా ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. నేను కాలేజీ సెలవులకు వచ్చిన ఆ ఎండాకాలం నవ్వులాట పోయింది. ఒకసారి కనుమ మొదట్లో ఆయన మెడ చూసి, అమ్మవారు పోసిందనుకొని, నలుగురు ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని బస్సు దిగిపోయారు. ఆ కబురు బస్సు సాహుకారుకు చేరింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇంకోసారి దారి మధ్యలో బండి ఆపి గీరుకుంటే, తాళం ఇచ్చేసి గొర్రెల కాడికి పో" అన్నాడట. చిన్నాయన ఈ మాట ఇంట్లో నవ్వుతూనే చెప్పాడు. ఆ రోజు అన్నం మాత్రం సగం వదిలేశాడు. ఆయన బతుకులో తనంతట తాను సంపాదించుకున్నది ఆ సీటు ఒక్కటే.

మా ఇంట్లో దద్దుర్లకు ఒకటే వైద్యం, గొంగడి. చల్లగాలి తగిలి దద్దుర్లు లేస్తాయని మా అవ్వ నమ్మకం, వాళ్ళ అవ్వ నమ్మకం, బహుశా మొదటి గొర్రె నమ్మకం కూడా. కాబట్టి దద్దుర్లు లేచినవాణ్ణి పొయ్యి పక్కన కూర్చోబెట్టి, గొర్రెబొచ్చు గొంగడితో ఒళ్ళంతా బరబరా రుద్ది, అదే గొంగడి నిండా కప్పి పడుకోబెట్టాలి. మిగతావాళ్ళ సంగతి తెలియదు కానీ, మే నెలలో, వేడికి దద్దుర్లు లేచే మనిషికి చేసే వైద్యమా అది! గొంగడి కిందినుంచి చిన్నాయన గొంతు వచ్చేది. "అమ్మా, నేను గొర్రెను కాదే!" అవ్వ గొంగడి అంచు ఇంకాస్త లోపలికి దోపి, "గొర్రె నీకన్నా నయం రా. ఏడాదంతా కప్పుకొనే తిరుగుతాది, ఒక్కరోజన్నా గీరుకునిందా?" అనేది. కాసేపటికి ఆయన పెదాలు కూడా ఉబ్బి, ఊపిరి ఆడనట్టు లేచి బయటికి పరిగెత్తి తొట్టి నీళ్ళలో తల ముంచితే, దద్దుర్లు నెమ్మదిగా అణిగేవి. అవ్వ అది గొంగడి మహిమగా లెక్కవేసేది. కాలేజీలో రెండేళ్ళు పరీక్షనాళికలు పగలగొట్టిన అనుభవంతో నేను కప్పినప్పుడు ఎక్కువ కావడం, తడిసినప్పుడు తగ్గడం గమనించాను. మా వంశంలో జరిగిన మొదటి వైజ్ఞానిక పరిశీలన అదే అనుకుంటాను. అందుకే అంత గర్వపడ్డాను.

సెలవుల మధ్యలో మార్కుల పని మీద కర్నూలు పోయినప్పుడు ఒక పెద్ద డాక్టరుకు ఈ సంగతి చెప్పాను. నా పరిశీలన నిజమేనన్నాడు. కొత్తగా వచ్చిన మందని చెప్పి ఒక చిన్న సీసా రాసిచ్చాడు. "రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. వేడికి దూరంగా ఉండమను" అన్నాడు. అట్లాగేనన్నాను. రోగి ఏం పని చేస్తాడో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

చిన్నాయన సెలవు రోజున సీసా మూత తీశాం. లోపల మాత్రల మీద మడత పెట్టిన కాగితం, చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు. ఇంట్లో ఇంగ్లీషు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. నాయన, చిన్నాయన, అవ్వ, పక్కింటి ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు. నేను రాజశాసనం చదివినట్టు ఒక్కొక్క లైనూ చదివి తెలుగులో చెప్పాను. దద్దుర్లు తగ్గుతాయి, దురద పోతుంది, వాపు అణుగుతుంది. ఒక్కొక్క మాటకూ చిన్నాయన తల ఊపుతున్నాడు. అట్లాంటి ముఖం నేను గుడిలో కూడా చూడలేదు. అవ్వ మాత్రం ఒళ్ళో గొంగడి పెట్టుకొని, ఈ దొరల మందులో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తోంది. ఆఖరి లైను దగ్గరికి వచ్చాను. ఈ మందు మగత కలిగిస్తుంది, వేసుకున్నవారు వాహనాలు నడపరాదు అని ఉంది.

నేను ఆగాను. ఆ లైను చదివితే అవ్వ సీసాను పెంటదిబ్బ మీదికి విసిరేస్తుంది. చిన్నాయన మళ్ళీ గొంగడి కిందికి పోతాడు, అక్కడినుంచి సాహుకారు దగ్గరికి, తాళం ఇచ్చేయడానికి. అయినా వేసుకునేది రాత్రే కదా, రాత్రి నిద్ర వస్తే నష్టమేముంది అనుకున్నాను. ఇవన్నీ నిజమైన కారణాలే. ఇంకోటీ ఉంది. తల ఊపుతున్న ఆ ముఖం ముందు నా మందు ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. "అయిపోయిందా?" అంది అవ్వ. "అయిపోయిందవ్వా" అన్నాను. మాట చాలా తేలిగ్గా వచ్చింది. తేలిగ్గా వచ్చే మాటల్ని అనుమానించడం నాకు అప్పటికింకా తెలియదు.

మందు పనిచేసింది. మూడోరోజు బస్సు మా ఊరి మీదుగా పోతూ హారను కొట్టింది. చిన్నాయన కిటికీలోంచి చొక్కా చేతిని భుజందాకా ఎగలాగి, నున్నటి చెయ్యి చూపించి పోయాడు. ఎన్నికల్లో గెలిచినవాడు కూడా అట్లా ఊపడు. కొన్ని రోజులు అట్లాగే చూపించాడు. తర్వాత హారను మాత్రమే వినిపించేది. నేను పట్టించుకోలేదు. కాలేజీ తెరిచే రోజులు వచ్చాయి. బయల్దేరే ముందురోజు నా పెట్టె సర్దుతూ అవ్వ మెచ్చుకోలుగా అంది. "నీ మందు మంచిదే నాయనా. రాత్రికి అట్ల పనిచేస్తే పగటికి ఇంకెట్ల పనిచేస్తాదో అని మీ చిన్నాయన పొద్దున్నొకటి, మధ్యాన్నమొకటి మింగబట్టె."

మరునాడు నంద్యాల దాకా ఆయన బస్సులోనే ఎక్కాను. డ్రైవరు పక్క సీటు నాకోసం ఖాళీగా ఉంచాడు. పొడుగు చేతుల ఖాకీ చొక్కా వేసుకొని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకొని ఉన్నాడు. అంత ఎండలో పొడుగు చేతులేందని అడగాలని నాకు తోచలేదు. నేను చూస్తున్నది ఆయన కళ్ళను. గిద్దలూరు దాటాక జనం కునుకు తీశారు. నా వెనక ఒక ముసలాయన నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు, ఒక తల్లి ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. అందరి తరఫునా ఒక్కడే మేలుకొని ఉండాలి. ఆ ఒక్కడికీ నిద్ర మందు తెచ్చి ఇచ్చింది నేను. కనుమ ఎక్కుతుంటే ఒకవైపు కొండ, ఒకవైపు వెదురు చెట్ల చివర్లు, వాటి మొదళ్ళు ఎక్కడో కింద. ఆయన రెప్ప వాలినప్పుడల్లా నేను ముందున్న కడ్డీ పట్టుకున్నాను. చెప్పాలని నోరు తెరిచాను, మూశాను. చెబితే ఇంతమందిలో నా తప్పు బయటపడుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఇంత సులువైన లెక్క చేయడానికి నాకు కనుమ పైదాకా పట్టింది.

పైన ఇంజను చల్లారడానికి అన్ని బస్సులూ ఆగే చోట ఆపాడు. జనం దిగి చెట్ల కిందికి పోయారు. ఆయన రేడియేటర్లో నీళ్ళు పోస్తున్నాడు. పక్కకు పోయి, "చిన్నాయనా, ఆ కాగితంలో ఇంకొక లైను ఉంది" అన్నాను.

తల ఎత్తలేదు. "నిద్ర లైనా?" అన్నాడు.

బకెట్టు కింద పెట్టి, మణికట్టు గుండీ విప్పి చొక్కా చేతిని పైకి లాగాడు. మణికట్టు నుంచి భుజందాకా ఎర్రటి దద్దుర్లు, ఒకదాని మీద ఒకటి.

"మొదటి వారమే. కంభం ఇవతల రెప్ప పడింది. తెరిచేలోగా రోడ్డు లేదు, గొర్రెలుండాయి. ఒకటి చచ్చిపోయింది. దాని వెనకాల రెండు బారల దూరంలో కాసేవాడు నిలబడుకోని ఉన్నాడు, మనోడే, మామ వరస. ఇంకొంచెం ఉంటే..." అని ఆపేసి, చేతిమీద నీళ్ళు పోసుకున్నాడు. "అదే రోజు ఆ పక్క పాలెంలో క్రైస్తవుల బడి అయ్యవారి కాడికి పోయి కాగితం చదివిచ్చుకున్నా, అమ్మకు చెప్పకుండా మాత్ర మానేసినా. అన్నీ నువ్వు చెప్పినట్టే చెప్పినాడు. ఒక్క లైను ఎక్కువ చెప్పినాడు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే చెప్తావు. అడక్కుండా చెప్తావేమోనని చూసినా." చొక్కా చెయ్యి కిందికి లాక్కొని గుండీ పెట్టుకున్నాడు. "చెప్పినావులే. ఎక్కు, జనం వచ్చినారు."

నంద్యాలలో దిగేటప్పుడు నా పెట్టె తనే దించి ఇచ్చాడు.

ఆయన ఇంకా చాలా ఏళ్ళు బస్సు నడిపాడు. తెల్లారి సెలవైతే తప్ప రాత్రి కూడా ఆ మాత్ర ముట్టుకోలేదు. దాన్ని సెలవు మాత్ర అనేవాడు. మిగతా రోజులన్నీ చొక్కా కింద తడిగుడ్డ చుట్టుకొని, మెడకు తువ్వాలు కప్పుకొని, గీరుకోవడానికి కూడా చెయ్యి తియ్యకుండా కనుమ ఎక్కి దిగాడు. గీరుకోకుండా ఉండటం ఎంత పెద్ద పనో నాకు మొన్నటి వేసవిలో తెలిసింది. అవ్వకు ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు. గొంగడే తన కొడుకును కాపాడిందన్న నమ్మకంతోనే ఆమె పోయింది. ఉద్యోగం మానేశాక చిన్నాయన ప్రతి రాత్రీ మాత్ర వేసుకొని, ఎవరూ లేపకపోతే పొద్దెక్కేదాకా నిద్రపోయేవాడు. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది నేనే. నోటీసులు, ఉత్తరాలు, పెళ్ళి శుభలేఖలు. అంతా విని, ఏ కోపమూ లేని గొంతుతో, "ఆఖర్న ఇంకేమన్నా ఉందా నాయనా?" అనేవాడు. శుభలేఖ అయినా సరే. నేను మళ్ళీ ఒకసారి కిందిదాకా చూసి, "లేదు చిన్నాయనా" అనేవాణ్ణి. ఆయన చివరి ఏడాది దాకా అట్లా అడుగుతూనే ఉన్నాడు.

మొన్న మందుల దుకాణం నుంచి ఇంటికి వచ్చి, మాత్రల పెట్టెలోని కాగితం విప్పి, భూతద్దం పెట్టుకొని ముందు ఆఖరి లైను చదివాను. కొందరికి కొద్దిగా మగత రావచ్చు అని ఉంది. ఇంట్లో ఎవరూ లేరు, అయినా పైకే చదివాను. నిద్ర రాని దద్దుర్ల మందు కనిపెట్టడానికి లోకానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. నాకు ఒక్క లైను చదవడానికి గిద్దలూరు నుంచి కనుమ పైదాకా పట్టింది. రెండింటిలో ఏది ఎక్కువ కాలమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.