నన్ను మంచిదానివన్నప్పుడల్లా

పన్నెండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాని పేరు మంచితనం. "ఎంత మంచిదో ఆ పిల్ల" అంటారు నన్ను చూసి. చర్చి మెట్ల మీద అంటారు, కూరగాయల మార్కెట్లో అంటారు. కాలు పోయినవాణ్ణి కోరి చేసుకుందని, అత్తింటివాళ్లు వెలివేసినా వదల్లేదని, ఈ కాలంలో ఇలాంటివాళ్లు ఎక్కడుంటారని. నేను తల దించుకుంటాను. సిగ్గనుకుంటారు. చిన్నప్పటి నుంచీ నేను సిగ్గరినే కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. ఊరు మాత్రం గోదావరిఖని.

మా నాన్న బొగ్గు బావిలో పనిచేసేవాడు. రెండు గదుల క్వార్టరులో అమ్మ, నాన్న, అన్న, మా అవ్వ, నేను. అన్న కూడా అప్పటికే బావిలోకి దిగుతున్నాడు. నేను ప్రైవేటుగా బి.ఎ. కడుతూ, మధ్యాహ్నమైతే కాలనీ లైబ్రరీకి పోయి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. కిటికీ మూసినా బల్లమీద బొగ్గుపొడి సన్నగా పేరుకునేది. దాన్ని కొంగుతో తుడిచి పుస్తకం తెరిచేదాన్ని. పుస్తకంలో మొహం పెట్టుకుంటే ఎవరూ పలకరించరు. నాకు కావలసింది అదే.

ఒక వానాకాలం, గురువారం నాడు, నిలువునా తడిసి ఒకాయన లోపలికొచ్చాడు. చదవడానికి కాదు, వాన తగ్గేదాకా నిలబడడానికి. నిలబడడం చేతకాని మనిషి. అటూ ఇటూ తిరిగి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏం చదువుతున్నవ్?"

అట్ట పైకెత్తి చూపించాను.

"మంచిగుంటదా?"

తలూపాను.

"అయితే నువ్వే చెప్పు. గంత పుస్తకం చదివే ఓపిక నాకు లేదు."

ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. వాన ఆగేదాకా చెప్పాను. నా జన్మలో ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. వాన ఆగింది, కథ సగంలో ఉంది. వచ్చే గురువారం ఆయన మళ్లీ వచ్చి, పలకరింపు కూడా లేకుండా, "తర్వాత ఏమైంది?" అన్నాడు.

ఆయన పేరు రాఘవ అనుకోండి. బొగ్గు తీసేసిన ఖాళీల్లో నింపడానికి గోదావరి నుంచి ఇసుక తోలే లారీలు ఉంటాయి. స్నేహితుడి లారీలు చూసుకుంటున్నానని చెప్పాడు. చూసుకునేదేమీ లేదు. మోటారు సైకిలు మీద తిరిగేవాడు, కనిపించినవాళ్లందరికీ చాయ్ తాగించేవాడు, నవ్వేవాడు. ఊళ్లో ఆయన ప్రాణ స్నేహితుడు సలీం, బస్టాండు వెనక గల్లీలో మెకానిక్. ఆయన ఎక్కడున్నాడో ఎప్పుడైనా సలీంకే తెలిసేది.

కథలు వినీ వినీ ఒకసారి తనే పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. మూడు నెలలు పట్టింది. ఒక గురువారం తలుపు తోసుకుని వచ్చి, "ఖతం చేసిన!" అని అరిచాడు. పేపర్లు చదువుకుంటున్న రిటైరైన పెద్దవాళ్లంతా తలలెత్తి చూశారు. నేను నవ్వాను. పైకి, గట్టిగా. ఆ నవ్వు విని నేనే ఉలిక్కిపడ్డాను. ఈ మనిషి లేకుండా ఇక ఉండలేనని ఆ క్షణమే అర్థమైంది.

తర్వాతి చలికాలం నాకు జ్వరమొచ్చింది. రెండు గురువారాలు పోలేదు. మూడోవారం మొదట్లో, ఒక పగటిపూట ఆయన బత్తాయిలు పట్టుకుని మా క్వార్టరుకే వచ్చేశాడు. అమ్మ నల్లా దగ్గర ఉంది. ఇంట్లో నేను, మంచం మీద కూర్చున్న అవ్వ. అవ్వకు చూపు సరిగా ఆనదు. చేయి అడ్డం పెట్టుకుని అడిగింది.

"ఎవలోల్ల పిల్లగానివి బిడ్డా? ఏ ఊరు మీది?"

గోదావరి అవతలి ఊరు పేరు చెప్పాడు. అది మా అవ్వ పుట్టిపెరిగిన ఊరు. అవ్వ మొహం విప్పారింది.

"మా ఊరోనివేనా! గా ఊర్ల ఎవలింట్ల?"

"గడిల అవ్వా. రాజావారి మనుమణ్ణి."

పెద్ద రాజ్యమేమీ కాదు. నిజాం కాలంలో పన్నెండు ఊళ్ల సంస్థానం. తాతను రాజావారనేవారు. అడవిలోవాళ్ల భయంతో ఊళ్లో ఉండడం కష్టమై, కోటలాంటి ఆ గడికి తాళం వేసి అందరూ హైదరాబాదు చేరారట. వారసుడు ఆయనే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నేను చూసింది ఒక్కటే. డెబ్బై దాటిన మా అవ్వ, పట్టుకుని దింపాల్సిన మనిషి, ఎవరి సాయమూ లేకుండా మంచం దిగింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఆయన కాళ్లకు దూరంగా నేలమీద కూర్చుని చేతులు జోడించింది.

అవ్వ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ గడిలో పెళ్లికి ఏడు రోజులు వెట్టికి వడ్లు దంచింది. ఇంట్లో పసిగుడ్డు. అయిదోనాడు పిల్ల చనిపోయింది. శుభకార్యంలో ఏడుపు వినపడకూడదని ఏడోనాడు చెప్పారు. దాని తర్వాత పుట్టినవాడే మా నాన్న.

ఆయన నవ్వాడు. "అయ్యో అవ్వా, గదేంది, మీదికొచ్చి కూసో" అంటూ నవ్వాడు. లేపడానికి చేయి కూడా చాపాడు. నేను చేయి చూడలేదు. నవ్వు మాత్రమే విన్నాను.

ఆ సాయంత్రం అన్న డ్యూటీ దిగి వచ్చాడు. అవ్వ చెప్పిందంతా విన్నాడు. అన్నకు అడవిలో ఉండేవాళ్లతో రాకపోకలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"లైబ్రరీకి ఏ దినం వస్తడు?"

"బేస్తారం."

"ఎన్నింటికి పోతడు?"

"అయిదింటికి."

"ఏ తొవ్వ వట్టుకొని పోతడు?"

"బ్రిడ్జి దిక్కు. ఇసుక లారీల కాడికి. ఒక్కడే పోతడు."

ఒక్కడేనా అని అన్న అడగలేదు. ఆ మాట నేనే కలిపాను. ఎందుకు కలిపాను? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. జ్వరం అనుకున్నాను, కోపం అనుకున్నాను, చనిపోయిన ఆ పిల్ల కోసం అనుకున్నాను. ఏదీ నిలవలేదు.

"ఏం జేస్తరన్నా?"

"ఏం జెయ్యరు. భూముల కాయిదాలు అడుగుతరు. గంతే."

నమ్మాను. నమ్మడం సులువుగా ఉంది కాబట్టి నమ్మాను.

ఇక్కడితో అయిపోతే, కోపంలో నోరు జారిందని చెప్పుకునేదాన్నేమో. కానీ గురువారం వచ్చింది. జ్వరం తగ్గింది. నేను లైబ్రరీకి పోయాను. ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, నవ్వడం లేదు.

"అవ్వకు కోపమొచ్చిందా? నేను నవ్వొద్దుండె. ఏం జెయ్యాల్నో తోచకుంటే నాకు నవ్వొస్తది. ఆమె గట్ల కింద కూసుంటే పానం పోయినట్టయింది. మళ్లొచ్చి మాట్లాడ్త."

నా కోపం అక్కడికక్కడే నీరైపోయింది. నాలుగున్నర అయింది. ఒక్క మాట చాలు, ఇవ్వాళ ఆ దారిన పోకని. ఆ మాట అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే నేను చేసింది చెప్పాలి. అన్న పేరు చెప్పాలి. పుస్తకం తెరిచి మొహం పెట్టుకున్నాను. ఒకే పేజీ. గడియారం అయిదు కొట్టింది. ఆయన లేచి, నా పుస్తకం మీద వేలితో ఒకసారి తట్టి, బయటికి పోయాడు. మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. మలుపు దాకా వినిపించింది. ఆ చప్పుడు వినపడినంతసేపూ నాకు టైముంది. లేచి పరుగెత్తడానికి టైముంది. నేను లేవలేదు.

మూడోరోజు పొద్దున లారీవాళ్లు రోడ్డు పక్కన చూసి దవాఖానకు తెచ్చారు. కాయితాలు ఆయన బాబాయి దగ్గర ఉన్నాయట, తన దగ్గర లేవంటే వాళ్లు నమ్మలేదట. దెబ్బలకు నుజ్జయిన కుడికాలు డాక్టర్లు మోకాలి పైదాకా తీసేశారు.

నేను చూడటానికి పోయాను. పోకుండా ఉండలేక పోయాను. చచ్చిపోతే నేనే చంపినట్టవుతుంది కదా, ఆ భయంతో పోయాను. ప్రేమతో కూడా పోయాను. మూడూ నిజమే. వాటిని విడదీసే విద్య నాకింకా రాలేదు. నన్ను చూసి ఆయన అన్నాడు, "నువ్వు రాకుంటే ఇగ బతుకుడెందుకనుకున్న." నన్ను పెళ్లి చేసుకుంటానంటే ఆయనవాళ్లు కారెక్కి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. పెద్దపల్లిలో రిజిస్టరు చేయించుకున్నాం. అప్పటికే అన్న అడవిలోకి వెళ్లిపోయాడు. ఏడాదికి శవమై తిరిగొచ్చాడు. అవ్వ అంతకు ముందే పోయింది. ఇక ఈ సంగతి తెలిసినదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను.

విన్నారుగా, ఇక్కడ నుంచే అసలు పాపం మొదలవుతుంది.

తనను ఎవరు పట్టించారని ఆయన చాలాకాలం ఆలోచించాడు. తను ఎవరో, ఏ దారిన పోతాడో రెండూ తెలిసినవాడు ఊళ్లో సలీం ఒక్కడే అని తేల్చుకున్నాడు. మా అన్న సంగతి తెలిసి కూడా ఒకసారి నాతో, "మీ ఇంట్ల గూడ చెప్పిన గని, మీరు గట్ల చేస్తరా ఏంది" అని నవ్వాడు కూడా. నేను అన్నం కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను.

మాట ఊరంతా పాకింది. దోస్తును అమ్ముకున్నవాడని సలీంకు బండ్లు ఇవ్వడం మానేశారు. పెళ్లయిన ఏడాదికి రంజాన్ నాడు షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ఈయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సలీం నావైపు చూశాడు.

"భాబీ, నువ్వన్న చెప్పు వానికి. నేను చెప్పలే. ఖురాన్ మీద ఒట్టు."

"నాకేం ఎరుక భాయ్" అన్నాను.

మూడు మాటలు. అవి అన్నాక తలుపు కూడా నేనే వేశాను. ఆ నెలలోనే సలీం సామాను సర్దుకుని కాసిపేట వెళ్లిపోయాడు.

మాకొక పాప. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు. ఈ షాపు పెట్టాలన్న ఆలోచన ఆయనదే. వచ్చినవాళ్లందరికీ ఏ పుస్తకం ఎందుకు బాగుంటుందో విసుగు లేకుండా చెబుతాడు, ఇంకా నవ్వుతాడు. పొద్దున్నే నేను కూర్చుని ఆయన పెట్టుడు కాలి బెల్టులు బిగిస్తాను. ఆయన నా తలమీద చేయి వేసుకుంటాడు, పడిపోకుండా. ఆ చెయ్యి బరువు మీకెలా చెప్పను? ప్రేమగా పెట్టిన చెయ్యి కింద మెడ ఎత్తలేకపోవడం ఎలా ఉంటుందో, అది రోజూ, పన్నెండేళ్లు. పారిపోదామంటే పాప ఉంది. చెబుదామంటే, ఈయనకు నేను తప్ప ఎవరున్నారు? నిజం చెబితే నా ఒక్కదాని పాపం బయటపడదు, ఆయన బతుకులో మంచిది అనుకున్నదంతా కూలిపోతుంది. ఇది దయా? లేక నా పిరికితనానికి నేను తొడిగిన దయ అనే చొక్కానా?

పోయిన నెల పెద్దమ్మ కూతురింటికని చెప్పి కాసిపేట బస్సెక్కాను. సలీం షెడ్డు వెతుక్కుంటూ పోయాను. గడ్డం నెరిసింది. ఇంజను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను, అంతా, బ్రిడ్జి రోడ్డు నుంచి తలుపు వేసిందాకా. మధ్యలో సలీం ఒక్కసారి కూడా తలెత్తలేదు. చివరికి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"వానికి చెప్పినవా?"

"లేదు భాయ్."

"మల్ల నాకెందుకు చెప్పినవ్ భాబీ? నేను చెయ్యలేదని నాకు ముందుగాల్నే ఎరుక."

అంతే. మళ్లీ ఇంజను వైపు తిరిగాడు. కూర్చోమనలేదు, తిట్టలేదు, పొమ్మని కూడా అనలేదు. వచ్చేశాను.

క్షమించమని సలీంను అడగడానికి పోయానా? అడగనే లేదు. అడిగే హక్కు లేదని అక్కడికి పోయాకే తెలిసింది. చెప్పవలసినవాడికి చెప్పకుండా, చెప్పడం తేలికైన చోటికి పోయాను. ఇప్పుడు మీకు చెప్పడం కూడా అదే పనేమో.

ఈయన షాపులో ఉన్నాడు. పాప బడికి పోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఈ కాగితాలు ఆయనకు ఇస్తానని మాట ఇవ్వలేను, ఇవ్వనని కూడా అనలేను. సలీంకు జరిగిందంతా చెప్పాను గానీ, పన్నెండేళ్లలో ఈ ఒక్క వాక్యం నేను నోటితో అనలేదు, చేత్తో రాయలేదు, ప్రార్థనలో కూడా దీని చుట్టే తిరిగాను తప్ప దీన్ని తాకలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నా భర్తను పట్టించింది సలీం కాదు. నేను.

రాశాను. అక్షరాలు సరిగానే ఉన్నాయి.