చేతిలో ఏదీ నిలవని కెమెరా మాస్టారు

మా వీధి కెమెరా మాస్టారి చేతిలో గాజువస్తువు నిలిచిన దాఖలా లేదు. ఈ మాట గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, ఆయనే నలుగురిలో చాటుకునేవారు. ఎక్కడ ఏది భళ్లుమన్నా పరుగున వచ్చి, "నేనేనండీ, చెయ్యి జారింది" అనేవారు. ముప్పయ్యేళ్లు సినిమాలకి కెమెరా పట్టి, ఆ తర్వాత కాలేజీలో పిల్లలకి ఆ విద్యే నేర్పుతున్న మనిషి. ఆ కెమెరాలు ఎలా బతికి బట్టకట్టాయా అని మేమంతా బుగ్గలు నొక్కుకునేవాళ్లం.

అందరికన్నా ఎక్కువ నొక్కుకున్నది వాళ్లక్కగారు. తమ్ముడికి ఆవిడ స్టీలు గ్లాసులో తప్ప కాఫీ పోసి ఎరగదు. చుట్టాలొస్తే గాజుగ్లాసులు బయటికి తీసి, తమ్ముణ్ణి లోపలికి పంపేది.

"ఒరేయ్, అద్దంలో మొహం చూసుకోవాలన్నా దూరంగా నిలబడి చూసుకో."

"అలాగేనక్కా."

ఓసారి మా కిటికీ అద్దం పగిలితే, అదీ తన పనేనని వచ్చి నిలబడ్డారు.

"వీధిలో ఉండి మా అద్దం ఎలా పగలగొట్టారు మాస్టారూ?"

"తుమ్మొచ్చిందమ్మా."

సోఫా కింద ఎదురింటి పిల్లల బంతి దొరికింది. అది తుమ్ముతోపాటు వచ్చిందన్నారు.

అక్కగారికి ఏ సంగతైనా మొదలూ తుదీ తెలిసేదాకా నిద్రపట్టదు. ఇన్ని పగిలాయి కదా, ఆయన పగలగొడుతుంటే చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని వాకబు చేసింది. ఒక్కరూ లేరు. పైగా ఆవిడ అరగంట కుస్తీపట్టినా సూదిలోకి ఎక్కని దారం, ఆయన చేతిలో ఒక్క ఊపున ఎక్కేది. ఆవిడకి అక్కడే అనుమానం ముల్లులా గుచ్చుకుంది.

ఒకనాడు పొద్దున పదకొండింటికి ఆయన అలా దారమెక్కిస్తూ కూచుని ఉండగా ఫోను మోగింది. విన్నారు. "ఏడవకు. ఏదీ ముట్టుకోకు. పగలగొట్టింది నేను, నువ్వు కాదు" అని పెట్టేసి, చెప్పులేసుకున్నారు.

"ఏం పగిలిందిరా?"

"కాలేజీలో లెన్సు. నేనే పగలగొట్టాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇక్కడ కూచునా?"

"చెయ్యి జారిందక్కా!"

అక్కగారు సూదిని అలాగే జాకెట్టుకి గుచ్చుకుని వెంటపడింది.

కాలేజీ వరండాలో చివరి ఏడాది అమ్మాయి, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి కూచుంది. లెన్సు సరిగ్గా బిగించకుండా కెమెరా ఎత్తింది. అది కాస్తా ఊడి నేలమీద పడింది. సామాను పగలగొట్టిన విద్యార్థి పేరు కొట్టేస్తామని, అక్కడే గోడమీద కాలేజీని నడిపే పెద్దసారు రాయించిన బోర్డు వేలాడుతోంది.

"దాని తప్పు దిద్దకుండా ఈ అబద్ధాలేంట్రా?"

"దిద్దుతానక్కా. రేపట్నుంచి రోజుకి వందసార్లు ఆ లెన్సు బిగిస్తుంది. కానీ పేరు కొట్టేస్తే ఈ జన్మలో కెమెరా ముట్టదు. ముట్టినా, భయపడ్డ చెయ్యి బిగదీసి పట్టుకుంటుంది. అలా పట్టుకుంటే బొమ్మ వణుకుతుంది."

అక్కగారు తమ్ముడి మొహంలోకి తేరిపార చూసింది. "అయితే ఇన్నేళ్లూ నువ్వు పగలగొట్టినవన్నీ..."

"కొన్ని తుమ్ములక్కా" అన్నారు, గోడకేసి చూస్తూ.

మధ్యాహ్నం విచారణ. లెన్సు పగలగొట్టింది తనేనని మాస్టారు అప్పటికే చెప్పేశారు. పెద్దసారు బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి చెప్పారు: "మాస్టారే పగలగొట్టి ఉంటే ఇకమీదట ఈ కాలేజీలో కెమెరా మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. కానీ పదకొండింటికి ఆయన ఇంట్లోనే ఉన్నారని నా నమ్మకం. అమ్మా, మీరే నిజం చెప్పండి."

ఆవిడ కడుపులో మాట దాగదని మా వీధి మొత్తానికీ తెలుసు. నిజం చెబితే తమ్ముడికి కెమెరా మిగులుతుంది, ఆ పిల్లకి చదువు మిగలదు. ఆవిడ ఒకసారి తమ్ముడి చేతుల వంక చూసింది. ఒకసారి ఆ పిల్ల చేతుల వంక చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యా, ఇవాళ పొద్దుట్నుంచీ మా ఇంట్లో ఒక్క గ్లాసూ పగల్లేదు."

"అయితే?"

"అయితే వాడు ఇంట్లో లేనట్టేగా! అనుమానముంటే మా వీధి మొత్తాన్ని పిలిపించండి. వాడి చేతుల సంగతి ఎవరైనా చెబుతారు."

పెద్దసారు కాగితం లాక్కుని, మాస్టారు ఇక కెమెరా మీద చెయ్యి వేయకూడదని రాసి పారేశారు.

మర్నాటినుంచీ మాస్టారు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పాఠం మొదలెట్టారు. పెద్దసారు కిటికీలోంచి తొంగిచూస్తే, ఇంకా గట్టిగా చెప్పేవారు. "చెయ్యి వేయొద్దన్నారు. నోరు మూసుకోమనలేదుగా!"

ఏడాది చివర ఆ అమ్మాయి తీసిన సినిమా వేశారు. అందులో ఒకచోట కెమెరా ఒక ముసలమ్మ వెనకాలే మెట్లన్నీ ఎక్కుతుంది. బొమ్మ ఇసుమంత కదిలితే ఒట్టు.

"ఇది మాస్టారు పట్టిన కెమెరాయేనా?" పెద్దసారు కళ్లు చిన్నవి చేసి అడిగారు.

"ఆయన చేతులు జేబుల్లో ఉన్నాయి కదండీ, తమరు రోజూ చూస్తూనే ఉన్నారుగా" అంది ఆ పిల్ల, తల ఎత్తి.

ఆ సాయంత్రం అక్కగారు అటకమీంచి కొత్త గాజుగ్లాసు దింపింది. కడిగి తుడిచి, నిండా కాఫీ పోసి తమ్ముడి చేతికిచ్చింది. ఆయన గ్లాసు వంకా అక్క వంకా చూసి, కళ్లు తుడుచుకోబోయారు. గ్లాసు జారింది. భళ్లుమంది.

"అయ్యో! నేనే అక్కా, నిజంగా నేనే..."

"నోర్ముయ్! ఈసారి ఎవర్ని వెనకేసుకొస్తున్నావు?" అని ఆవిడ, తలుపు వెనక ఎవరు దాక్కున్నారో చూడ్డానికి లేచింది.