క్లబ్బంటే ఏ క్లబ్బు

నేను రాసి, పాడి, నెట్‌లో పెట్టిన మొదటి ర్యాప్ పాట నైట్‌క్లబ్బు మీద. నిజం చెప్పాలంటే అప్పటికి నేను నైట్‌క్లబ్బు చూసింది ఒక్కసారే, బెంగళూరులో, ఆఫీసు వాళ్లతో. నిమ్మకాయ సోడా తాగాను, తొక్కిడిలో చెప్పు తెంపుకున్నాను, ఆ హోరు భరించలేక చెవులు మూసుకుని బయటికొచ్చేశాను. పాటలో మాత్రం ఆ క్లబ్బు నా పుట్టిల్లయినట్టు కోతలు కోశాను.

"పొద్దు గూకితే క్లబ్బుకు పోతాండా,
పొద్దు పొడిస్తే ఇంటికొస్తాండా,
ఫోను మోగితే మోగనీ,
అడిగేటోల్లు ఎవురుండారు?"

మా కడప యాసలోనే రాశాను. అదే నా కొంప ముంచింది. బెంగళూరు స్నేహితులు విని బాగుందని ఊరుకున్నారు. కడపలో మా అమ్మ విన్నది.

ఆ వారం ఇంటికి వెళ్తుంటే బస్టాండు నుంచే భయం. ఆడపిల్లకు క్లబ్బు పాటలేమిటని వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. అమ్మ కారం దోశ ముందు పెట్టి, తల నిమిరింది.

"మీ నాయన గురించి శానా బాగ రాసినావు పాపా. ఇన్నేండ్లుగా నోరు నొప్పి పుట్టేట్టు చెప్తాండా, యినడు. నువ్వు పాట గట్టి చెప్తివి."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా వీధిలో క్లబ్బంటే ఒకటే క్లబ్బు, పేకాట క్లబ్బు. నాయన ఎరువుల కొట్టు మూసి, స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని రోజూ వెళ్లేది అక్కడికే. ఆ సంగతి ఎలా మరిచిపోయానో నాకే తెలియదు.

"మరి లైట్లు ఆరి ఆరి ఎలగతాండాయి అని రాసినా గదమ్మా?" అని మెల్లగా అడిగాను.

"ఆడ ట్యూబులైటు ఎప్పటినుంచో అట్లనే కొట్టుకుంటాందంట. మీ నాయనే చెప్పినాడు."

"ఎగురు, ఎగురు అని..."

"ఆట గెలిచిన రోజు ఇంటికొచ్చి ఎగరడా?"

ప్రతి చరణానికీ అమ్మ దగ్గర సాక్ష్యం ఉంది. వీధిలో మిగతా ఆడవాళ్ల దగ్గరా ఉన్నట్టుంది. పక్కింటి పిన్ని దాన్ని రింగ్‌టోన్ చేసుకుంది. ఎదురింటాయన చెప్పులేసుకుంటే చాలు, లోపల్నుంచి ఆయన భార్య ఫోన్లో నా గొంతు మొదలు. ఏ పాటకైనా ఇంతకన్నా ఆదరణ ఏం కావాలి! గర్వంగానే ఉంది గానీ, నవ్వు రావడం లేదు. ఎందుకంటే నాయన నాతో మాట్లాడటం లేదు. క్లబ్బుకు వెళ్లడం కూడా మానేశాడు. సాయంత్రాలు వరండాలో కూర్చుని చదివిన పేపరే మళ్లీ చదువుతున్నాడు.

నా ఇరకాటం చూడండి. పాట నాయన గురించి కాదంటే, మరి ఎవరి గురించని అమ్మ అడుగుతుంది. నా గురించే అంటే మళ్లీ బెంగళూరు బస్సెక్కనివ్వదు. ఊరుకుంటే, కన్నకూతురే పరువు తీసిందని నాయన కుమిలిపోతాడు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం నన్ను బస్టాండులో దింపడానికి నాయన బండి తీశాడు. బస్సు కనబడగానే నేనే ఆగలేక, "నాయనా, ఆ పాట నీ మింద రాసింది కాదు" అన్నాను.

"తెలుసు. మా క్లబ్బులో మోకాళ్ల నొప్పులకు లేసి నిలబడేకే శాతగాదు ఎవురికీ. ఎగిరేటోడు యాడుండాడు పాపా?"

నేను బ్యాగు కింద పెట్టేశాను. "మరి అమ్మకు ఎందుకు చెప్పలే?"

"నన్ను తిట్టేది మీ అమ్మకు అలవాటే గదా. నేను రోషపడి ఇంట్లో కూచుంటేనే పాట నా మిందే అని నమ్ముతాది. నవ్వుకుంటా క్లబ్బుకు పోయినాననుకో, ఎవురి గురించి రాసిందబ్బా అని నీ తట్టు తిరుగుతాది."

"నాతోనన్నా మాట్లాడొచ్చు గదా?"

"కోపం గూడా ఉండాదిలే."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నాయన బ్యాగు అందించి, వెళ్లకుండా కిందే నిలబడ్డాడు. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది, సిగ్గూ వేసింది. డ్రైవరు హారను కొట్టాక నాయన కిటికీ ఊచ పట్టుకుని అన్నాడు.

"అడిగేటోల్లు ఎవురుండారు అంటివే, నేనుండా. ఫోను మోగితే ఎత్తు."