లేబులు మూడుసార్లు చదవాలి

తుపాకీ చేతికొచ్చిన మగవాళ్లు అక్షరాలు మర్చిపోతారని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లు ఆసుపత్రి మందుల గదిలో ఫార్మసిస్టుగా పనిచేశాను. చదువు రాని ముసలమ్మలు కూడా సీసా ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి "ఇది దేనికమ్మా?" అని అడిగేవాళ్లు. మా ఆయన వెళ్లే రైఫిల్ క్లబ్బులో ఆ మాత్రం అడిగేవాడు ఒక్కడు లేడు. అందరూ పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్లే. ఇంగ్లీషులో పోట్లాడుకుంటారు, ఫోనులో ఒక వీడియో చూసి తూటాలు నింపడం వచ్చేసిందనుకుంటారు.

వాళ్లలో ఒకాయన ఒకసారి మా ఇంట్లో టీ తాగుతూ, పాతకాలంలో కేసు, అంటే తూటా గొట్టం, నిండా పౌడరు పోసేవారట, మనకెందుకీ తూకాలు అన్నాడు. అప్పట్లో పోసింది నల్లపౌడరు, ఇది పొగరాని పౌడరు, దాని కొలతతో దీన్ని పోస్తే తుపాకీ మీ మొహం మీదే పగులుతుందని చెప్పాను. ఆయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ "అవునా" అన్నాడు. ఆ "అవునా" విన్నాక రెండో కప్పు పోయబుద్ధి కాలేదు.

మాది మల్కాజ్‌గిరి. మా మామగారు మౌలాలి రైల్వే కాలనీలో ఉన్నప్పుడు లైసెన్సు మీద ఉంచుకున్న రైఫిల్ మా ఆయనకు వచ్చింది. అది మా ఇద్దరికంటే వయసులో పెద్దది. దానికి సరిపోయే తూటాలు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. అందుకని అనుమతి తీసుకుని, కాల్చేసిన ఇత్తడి కేసుల్నే మళ్లీ నింపుకుని, ఏడాదికోసారి పాత రైఫిళ్ల పోటీకి వెళతారు. మా మరిది దగ్గర కూడా ఒక చిన్న పాత రైఫిల్ ఉంది. ఆ రెండింటికీ పౌడర్లు వేరు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే, పెన్సిలు ములుకులు విరిచి పోసినట్టు నల్లటి పలుకులు. మా ఆయనది నిదానంగా కాలేది, మరిదిది త్వరగా కాలేది. ఇందులో అది కలిస్తే ఏమవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. తెలిసే వేళకు కన్ను ఉండదు.

ఈ సంగతి తెలిసిన రోజునే ఆ బల్ల పెత్తనం నేను తీసుకున్నాను. తూకం ముల్లు ఊగకుండా ఫ్యాను ఆపాలి. ఫోన్లు వంటింట్లో పెట్టాలి. నింపని కేసులు బోర్లా ఉండాలి. బల్ల మీద ఒక్కటే డబ్బా ఉండాలి. దాని లేబులు మూడుసార్లు పైకి చదవాలి: అలమరలోంచి తీసేటప్పుడు, పోసేముందు, మిగిలింది తిరిగి పోసేటప్పుడు. మందుల గదిలో మొదటి రోజు మాకు నేర్పింది ఇదే. మా ఆయన బుద్ధిగా చదివేవారు. మరిది పళ్లు నూరుతూ చదివేవాడు. అతను నూరుకున్న పళ్లు నాకు లెక్క కాదు.

ఈ మే నెలలో, పోటీకి ముందు రోజు మధ్యాహ్నం, మరిది ఒక పచ్చడి సీసా పట్టుకుని వచ్చాడు. మూత అంచున ఇంకా ఎర్రటి నూనె జాడ ఉంది. లోపల సగందాకా నల్లటి పలుకులున్నాయి. లేబులు లేదు.

"దోస్తు ఇచ్చిండన్నా," అన్నాడు మా ఆయనతో. "నీ డబ్బా అయిపోవచ్చింది గదా, పరేషాన్ అయితున్నవని తెచ్చిన."

"ఏ పౌడరు ఇది?" అన్నాను.

"గదే అయ్యుంటది వదినా. రంగు సుత గట్లనే ఉంది, జెర చూడు."

"అయ్యుంటుందని నేను మాత్రలు ఇచ్చి ఉంటే, ఈపాటికి మల్కాజ్‌గిరిలో సగంమంది సమాధుల తోటలో ఉండేవాళ్లు," అన్నాను.

ఆ సీసా మీద ఆశ మా ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. ఆయన డబ్బాలో మిగిలింది ఇరవై తూటాలకు సరిపోతుంది, అంతే. మళ్లీ దొరికే దారి లేదు. ఈ పోటీ అయ్యాక నాన్న రైఫిల్ పోలీసు స్టేషన్లో అప్పగించేస్తానని ఆయన అప్పటికే అనేశారు. డెబ్బై దాటాయి, భుజం సహకరించడం లేదు. ఆ ఇరవై కాల్చి ముగించాలని ఆయన కోరిక.

నేను సీసాలోది తీసుకెళ్లి పెరటి గోడ పక్క మట్టిలో పలచగా చల్లి వచ్చాను. ఖాళీ సీసాకు తెల్ల టేపు అంటించి, దాని మీద పెద్ద అక్షరాలతో "ఏమిటో తెలియదు" అని రాసి, మరిది ఎదురుగా బల్ల మీద పెట్టాను. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

సాయంత్రం కాప్రాలో పెళ్లికి వెళ్లాలని మరిది తన డబ్బా తీసుకుని తన తూటాలు ముందు నింపుకున్నాడు. నింపుతున్నంతసేపూ నేను అతన్ని వదల్లేదు. లేబులంటే ఎలా ఉంటుందో చూడు అంటూ అలమరలోంచి మా ఆయన డబ్బా కూడా తెచ్చి మూత తీసి చూపించాను. అతని పని అయ్యాక పళ్లెంలో కొంచెం పౌడరు మిగిలింది. అతను చెయ్యి చాపితే నేనే లాక్కున్నాను.

"నీకిస్తే సాంబారులో పోస్తావు," అన్నాను, పోస్తూనే.

తర్వాత మా ఆయన కూర్చుని ఇరవై నింపారు. ప్రతిదీ తూచి, ప్రతిదీ పైకి చెప్పి, పెట్టెలో పేర్చి మూత వేశారు. నేను డబ్బాలు సర్దుదామని ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో తీసుకున్నాను. అలమర దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాను. రెండు చేతుల్లో రెండు డబ్బాలు ఎందుకున్నాయి?

పళ్లెంలో మిగిలింది పోసినప్పుడు రెండూ బల్ల మీదే ఉన్నాయి. రెండింటికీ మూతలు లేవు. నేను దేంట్లో పోశాను? సాంబారు మాట గుర్తుంది. అది విని మరిది తల దించుకోవడం గుర్తుంది. లేబులు చదివినట్టు గుర్తు లేదు.

సరిగ్గానే పోసి ఉంటాను అనుకున్నాను.  మధ్యాహ్నం మరిది అన్నదీ అదే మాట కదా. నేను కాస్త శుభ్రమైన తెలుగులో అన్నాను, అంతే తేడా.

మరిది గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. వెళ్లాక మా ఆయనకు చెబుదామనుకున్నాను. కానీ అతను వెళ్లిపోయాక చెప్పి ఉండేదాన్ని కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. రేపు మా ఆయన ఆ రైఫిల్‌ను చెంపకు ఆనించి, కన్నును జానెడు దూరంలో పెట్టి కాలుస్తారు. ఏమీ కాకపోవచ్చు కూడా. క్లబ్బు మగవాళ్లను ఇన్నేళ్లు తిట్టిపోసిన నేను, ఒక మరిది ముందు నామోషీకి భయపడి, మొగుడి కన్ను పణంగా పెట్టడానికి సిద్ధపడి నిలబడ్డాను. వాళ్లలో ఎవరూ ఇంతకంటే నీచంగా లేరు.

"ఆగు," అన్నాను మరిదితో. మా ఆయన వైపు తిరిగి చెప్పాను. "మిగిలింది ఏ డబ్బాలో పోశానో నాకు తెలియదండీ. చదవలేదు."

మా ఆయన పెట్టెను దగ్గరికి లాక్కున్నారు.

"జెర యాదికి తెచ్చుకో," అన్నారు. ఆ గొంతు విని ఏడుపొచ్చింది.

"తెచ్చుకున్నాను. నేను మాట్లాడిందే గుర్తుంది."

మరిది నవ్వుతాడని చూశాను. నవ్వితే అనడానికి నా దగ్గర మాట కూడా సిద్ధంగా ఉంది. అతను నవ్వలేదు. బూట్లు విప్పేసి వచ్చి కూర్చుని "అన్నా, పెట్టె ఇటియ్యి" అన్నాడు. ఇద్దరూ కలిసి ఇరవై తూటాలూ ఒక్కొక్కటే విప్పి, పౌడరును మా ఆయన డబ్బాలోకే ఒంపారు. పెళ్లి వేళ దాటిపోయింది. ఫ్యాను వెయ్యమని ఎవరూ అనలేదు. చెమటలు కారుతున్నా పని మధ్యలో ఆపలేదు.

అంతా అయ్యాక మరిది తెల్ల టేపునూ పెన్నునూ నా ముందుకు జరిపాడు.

"రాయి వదినా," అన్నాడు మెల్లగా.

ఆ డబ్బా మీది కంపెనీ లేబులు కనబడకుండా టేపు అంటించి రాశాను. సీసా మీద రాసినప్పటి పెద్ద అక్షరాలు రాలేదు. మా ఆయన డబ్బా అందుకుని పెరటి గోడ దగ్గరికి బయలుదేరారు. గుమ్మంలో ఆగి, నేను నేర్పినట్టే పైకి చదివారు: "ఏమిటో తెలియదు."