సమాధుల తోటలో మిగిలిన ఒక్క పాయింటు

మా ఇంట్లో ఈ సంగతి ఎవరు చెప్పినా ఒకే రకంగా చెబుతారు. వరదకి సమాధుల తోట మీద ఇసుక మేట వేసిందట. అన్నయ్య ముందుచూపుతో అమ్మ సమాధిని జీపీఎస్ మిషన్‌లో ఎక్కించి పెట్టాడట. ఆ పాడు మిషన్ సరిగ్గా అవసరమైన వేళకి చెడిపోయిందట. అంతా దేవుడి చిత్తమట. మా వదినైతే దీనికొక నిట్టూర్పు కూడా జతచేస్తుంది. నేను ఒప్పుకోను. మిషన్ చెడిపోలేదు. దానికి చెప్పింది చెప్పినట్టు చేసింది. దేవుణ్ణి ఇందులోకి లాగడం మరీ అన్యాయం. ఆ రోజు కంప్యూటరు ముందు కూర్చున్నది ఆయన కాదు.

కూర్చున్నది మా అన్నయ్య. విజయవాడలో కాలవలూ డ్రెయిన్లూ సర్వే చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆఫీసువాళ్లు అతనికి ఒక జీపీఎస్ మిషన్ ఇచ్చారు. చేతిలో ఇమిడేంత ఉండేది. ఆరుబయట నిలబడి మీట నొక్కితే, మనం నిలబడ్డ చోటుని ఒక పాయింటుగా దాచుకుంటుంది. ఎప్పుడైనా మళ్లీ అక్కడికి వెళ్లాలంటే బాణం గుర్తుతో దారి చూపిస్తుంది.

నాన్నని ఇబ్రహీంపట్నంలోనే, ఆయన ఉద్యోగం చేసిన థర్మల్ స్టేషన్‌కి దగ్గర్లోనే పెట్టాం. అమ్మ మాత్రం ముందే చెప్పింది, "ఆ బూడిద గాలి బతికుండగా పీల్చింది చాలు, నన్ను మన లంకకి తీసుకెళ్లండి" అని. అలాగే తీసుకెళ్లాం. మా లంక ఊళ్లో రాతి సమాధులు తక్కువ. మట్టి దిబ్బ, తల దగ్గర చెక్క సిలువ, అంతే. మా వాళ్లు ఐదుగురూ పోయిన క్రమంలోనే ఒకే వరసలో ఉన్నారు: తాతయ్య, నాయనమ్మ, పెదనాన్న, బాబాయి, అమ్మ. అమ్మ పోయిన మరుసటి వేసవిలో అన్నయ్య ఒక్కొక్కరి తల దగ్గరా నిలబడి మీట నొక్కాడు. మిషన్ వాటికి వట్టి అంకెలు ఇచ్చింది. అన్నయ్య ఆఫీసుకెళ్లి ఆ పాయింట్లని కంప్యూటర్లోకి దించాడు, అంకెలు తీసేసి పేర్లు టైపు చేశాడు, మిషన్‌లో పాతవి చెరిపేసి కొత్తవి పంపాడు. ట్రాన్స్‌ఫర్ పూర్తయిందని తెర మీద వచ్చింది. మిషన్‌లో భద్రంగా ఉన్నాయి కదా అని కంప్యూటర్లో దాచకుండానే మూసేశాడు.

కొన్నేళ్లకి వరద వచ్చింది. నీళ్లు తీశాక సమాధుల తోటలో ఒక్క సిలువ లేదు, ఒక్క దిబ్బ లేదు. నదిలో ఇసుక తిన్నె ఎలా ఉంటుందో అలా ఉంది. సంఘ పెద్ద కబురు చేశాడు: వచ్చే ఆదివారంలోపు ఎవరి చోట వాళ్లు కొత్త సిలువ పాతుకోవాలి, ఆ తర్వాత ట్రాక్టరు పెట్టి చదును చేస్తారు, సిలువ లేని చోటు కొత్తగా పోయేవాళ్లకి. అంటే అమ్మ చోటు తేల్చుకోకపోతే అమ్మ మీద ఇంకెవరినో పెడతారు.

గుణదలలో అన్నయ్య ఇంట్లో మిషన్ తెరిచాం. మా ఇంటిపేరుతో ఉన్నది ఒక్కటే పాయింటు.

"కేబుల్ లూజు కనెక్షన్ అయ్యుంటదే," అన్నాడు అన్నయ్య. కేబుల్ చివర నోటితో ఊదాడు.

"ఎప్పుడో పంపినవాటికి ఇవాళ ఊదితే ఏమొస్తుంది అన్నయ్యా?"

"కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునేదానివి, కంప్యూటర్ల సంగతి నీకేం తెలుసే?"

"తెర మీద రాసింది చదవడం తెలుసు."

ఆ రెండు రోజులూ చేయని ప్రయత్నం లేదు. కొత్త కంప్యూటరుకి ఆ పాత కేబుల్ పట్టే సాకెట్టే లేదు. ఏలూరు రోడ్డంతా తిరిగి కన్వర్టరు కొన్నాం. పోర్టు మార్చాం, స్పీడు మార్చాం, కేబుల్ మార్చాం, పక్కింటి కంప్యూటరు కూడా తెచ్చాం. మిషన్‌లోంచి ఎన్నిసార్లు దించినా ఆ ఒక్కటే దిగింది. "మిషన్ తినేసింది," అని అన్నయ్య తీర్పు చెప్పి భోజనానికి లేచాడు.

నేను లేవలేదు. మిగిలిన ఆ ఒక్క పాయింటు పోకుండా దానికి మిషన్‌లోనే వేరే పేరు పెట్టి, అన్నయ్య గుమ్మం ఒక పాయింటు, సందు చివర ఒక పాయింటు తీసుకున్నాను. కంప్యూటర్లో రెండిటికీ ఇంటిపేరు ముందు పెట్టి, ఆ వెనక గుమ్మం అని ఒకదానికి, సందు అని ఒకదానికి టైపు చేసి పంపాను. మొదటిది వెళ్లింది. రెండోదాని దగ్గర ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ పేరుతో మిషన్‌లో ఇప్పటికే ఒకటుంది, దాన్ని తీసేసి ఇది పెట్టమంటారా అని అడిగింది. ఓకే నొక్కాను. సందు మిగిలింది, గుమ్మం పోయింది.

ఆ మిషన్‌లో పేరుకి ఆరక్షరాలే పడతాయి. మిగతావి కోసేస్తుంది. ఇంగ్లీషులో మా ఇంటిపేరే ఆరక్షరాలు దాటిపోతుంది. అది మనిషి పేరు ముందు రాసుకునే వాళ్లు చేసిన మిషన్. మనకి హాజరు పట్టీలో, రేషన్ కార్డులో, శుభలేఖలో ఇంటిపేరే ముందు. అన్నయ్య పద్ధతిగా అలాగే కొట్టాడు. మిషన్‌కి మా వాళ్లు ఐదుగురూ ఒకే మనిషి అయిపోయారు. వెనకాల వచ్చినవాళ్లు ముందున్నవాళ్లని తుడిచేశారు.

"నాకలాంటి పెట్టె ఏదీ రాలేదు," అన్నాడు అన్నయ్య, చెయ్యి కడుక్కుని వచ్చి.

"వచ్చింది. నాలుగుసార్లు వచ్చింది."

"వస్తే ఓకే కొట్టుంటాను. ఏదొచ్చినా ఓకే కొట్టడమేగా, ఆఫీసులో అందరం అంతే." తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "నీకెందుకే ప్రతిదీ తవ్వడం?" అన్నాడు.

శనివారం పడవ దాటి లంకకి వెళ్లాం. మిషన్ చూపించిన చోటుకి నడిచాం. అక్కడ నిలబడితే బాణం ఒకసారి ఎడమకి తిరుగుతుంది, ఒకసారి వెనక్కి తిరుగుతుంది. దాని లెక్కలో ఒక ఇల్లు పట్టేంత తేడా మామూలే. మా దిబ్బల మధ్య ఎడం రెండు బారలు లేదు. ఇక ఆ చోటుని బట్టి అది ఐదుగురిలో ఎవరిదో ఎలా చెప్పడం? తవ్వి చూడటానికి సంఘ పెద్ద ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మాత్రం నేను చూడగలనా.

"అంతా మీ వాళ్లేగదమ్మా," అన్నాడాయన. "ఎక్కడ పాతినా మీ ఇంట్లోనే ఉన్నట్టు."

"మా అమ్మ బతికుండగా మా బాబాయితో మాట్లాడేది కాదండీ."

"ఇప్పుడు మాట్లాడుకుంటున్నారేమోలే."

అన్నయ్య నవ్వాడు. అమ్మ పేరు రాసిన సిలువని బాణం కాస్త నిలకడగా ఉన్న చోట పాతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ట్రాక్టరు వచ్చింది. మిగతా నలుగురికీ సిలువలు పాతలేదు, ఆ చోట్లు ఊహించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత ఆ సిలువకి రెండు వైపులా వేరే ఇళ్లవాళ్ల దిబ్బలు లేచాయి. కొవ్వొత్తి పట్టుకుని వెళ్లినప్పుడల్లా ఎక్కడ వెలిగించాలో నాకు తెలియదు. సిలువ దగ్గర పెడతాను, చూపు మాత్రం పక్క దిబ్బల మీదికి పోతుంది. వాటి కింద ఎవరున్నారో వాటిమీద పూలు పెట్టేవాళ్లకి తెలియదు, నాకూ తెలియదు.

ఆ పెట్టెలో ఇంటిపేరొక్కటే కాదు, పంపబోయే పాయింటు పూర్తి పేరు కనబడుతుంది. నేను చూశాను. కాబట్టి అన్నయ్య కూడా చూసే ఉంటాడు. ఎన్నిసార్లు అడిగినా గుర్తులేదంటాడు, వదిన మాట మారుస్తుంది. మిషన్‌లో మిగిలింది ఆఖరున పంపిన పేరే. నాకు కావలసింది ఒక్క ముక్క. ఆ పేర్లు పోయినవాళ్లు పోయిన వరసలో కొట్టావా అన్నయ్యా, లేక అమ్మతో మొదలుపెట్టావా?