క్వారీ నీళ్ళ బొమ్మ

చిత్రశాలలో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. సూదీ మందూ లేని డాక్టరమ్మ. పెచ్చులూడిన బొమ్మలు, పొగచూరిన బొమ్మలు మెట్లు దిగి నేలమాళిగలోని ఆమె గదికి వస్తాయి. పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడి చేసుకుని, వందేళ్ళ మురికిని అంగుళం అంగుళం తుడుస్తుంది. ఉమ్మిని మించిన మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదని ఆమె నమ్మకం. చూడటానికి వచ్చిన పెద్దమనుషులు మొహం చిట్లిస్తే లోపల సరదాగానే ఉంటుంది కానీ, పైకి ఏమీ కనబడదు. అసలు ఆమె మొహంలో మార్పు చూసినవాళ్ళు ఆ భవనంలో ఒక్కరూ లేరు.

ఆమెకు పేరు తెచ్చింది మాత్రం ఇంకో విద్య. చెట్టో చేమో కొండో నీరో ఉన్న బొమ్మ చేతికిస్తే, వేసినవాడు అక్కడ కూర్చుని వేశాడా, ఇంటిపట్టున ఉండి వేశాడా చెప్పేస్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఆరుబయట వేసేవాడికి తీరిక ఉండదు, ఎండ ఎవరి కోసమూ ఆగదు. అందుకని తడి రంగు మీదే తడి రంగు పూసేస్తాడు, అవి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. నీడలన్నీ ఒకే గంటవి ఉంటాయి. గాలికి ఇసుక వచ్చి పడుతుంది, దోమ రెక్క అతుక్కుంటుంది. తడి బొమ్మను మోసుకొచ్చేటప్పుడు అంచు మీద బొటనవేలి ముద్ర పడుతుంది. ఇంట్లో వేసేవాడిది తీరుబడి వ్యవహారం. పొర ఆరాక ఇంకో పొర, మధ్యలో ఇంటి దుమ్ము. ఒకసారి ఒక నగల వ్యాపారి సముద్రం బొమ్మ పట్టుకొచ్చి, తుఫానులో పడవ మీద నిలబడి వేసిందని తెగ కోతలు కోశాడు. ఆమె రెండు రోజులు చూసి, "పడవలోకి పిల్లిని కూడా ఎక్కించుకున్నాడాండీ? రంగు నిండా పిల్లి వెంట్రుకలే," అంది. ఆ వ్యాపారి బొమ్మను చంకన పెట్టుకుని మెట్లెక్కాడు.

ఇంతటి చూపున్న మనిషి పంతొమ్మిదేళ్ళుగా ఒక్క బొమ్మను మాత్రం పరీక్షగా చూడలేదు. అది వాళ్ళమ్మ ఇంట్లో ముందుగదిలో ఉంది. దాన్ని వేసింది ఆమె అన్నయ్య.

ఊరి చివర రాయి తవ్వుకుని వదిలేసిన క్వారీ ఒకటుంది. వానలకు నిండి చెరువంత అయింది. ఆ బొమ్మలో ఉన్నది ఆ నీళ్ళే. అన్నయ్య బడిలో డ్రాయింగు మాస్టరు. ఆ బొమ్మ వేసిన ఏడాది ఉన్నట్టుండి ఉద్యోగం మానేశాడు. ఎందుకురా అంటే కిమ్మనలేదు. చెల్లెలు అప్పుడు వేరే ఊళ్ళో ఈ పనే నేర్చుకుంటోంది. కబురందుకుని వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. బట్టలు కుట్టి ఇద్దర్నీ పెంచిన ఆ తల్లి ఒక్కటే చెప్పింది. "నెల్లాళ్ళు రోజూ క్వారీ దగ్గరికెళ్ళి బొమ్మ వేసుకున్నాడే. ఆఖర్రోజు నీళ్ళ రంగు ఇంకోసారి చూసొస్తానని వెళ్ళాడు. కాలు జారింది." వచ్చినవాళ్ళందరికీ అదే మాట, అదే వరసలో అప్పజెప్పింది.

చెల్లెలు నమ్మింది. నమ్మానని అనుకుంది. బొమ్మ అక్కడ వేసిందైతే అమ్మ మాట నిజం, పని మీద వెళ్ళినవాడు జారిపడ్డాడు. కాకపోతే అతనికి ఆ నీళ్ళ దగ్గర వేరే ఏ పనీ లేదు, కాలు జారిందన్న మాటా నిలవదు. తేల్చుకోవడానికి ఆమెకు పట్టేది అరపూట. ఆ అరపూట ఆమె ఎన్నడూ వెచ్చించలేదు. అప్పుడు ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలాగా ఆ చోటు మొద్దుబారిపోయింది. ముట్టుకుంటే ముట్టుకున్నట్టు తెలుస్తుంది, అంతకు మించి ఏమీ ఉండదు. ఉద్యోగం చేసింది, ప్రతి ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది, నలభై అయిదో ఏడు దాటింది.

ఈ ఏడు చిత్రశాలవాళ్ళు ఆరుబయట వేసిన బొమ్మలతో ప్రదర్శన తలపెట్టారు. ప్రతి బొమ్మ వెనకా డాక్టరమ్మ చీటీ ఉండాలి, అక్కడ వేసిందో లోపల వేసిందో రాసి సంతకం పెట్టాలి. ఒక మంగళవారం పొద్దున బల్ల మీద క్వారీ నీళ్ళు కనబడ్డాయి.

"ఇదెవరు తెచ్చారు?" అంది.

"మీ అమ్మగారే ఫోన్ చేశారండీ, మా అబ్బాయి బొమ్మ ఉంది, పట్టుకెళ్ళండి అని," అన్నాడు పెద్దసారు, ప్రదర్శన బాధ్యత ఆయనదే. "మీరు చెప్పించారనుకున్నానే!"

"సొంత మనిషిది. ఇంకెవరితోనైనా చూపించండి."

"ఇంకెవరైనా ఉంటే మిమ్మల్ని ఇంత బతిమాలతామా?" అని నవ్వుతూ మెట్లెక్కిపోయాడు.

పాపం అమ్మకేం తెలుసు, కొడుకు బొమ్మ నలుగురూ చూస్తారన్న ఆశతో పంపి ఉంటుంది అనుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. బొమ్మ ఎదురుతిరిగితే? ఆ మాట తన నోటితోనే చెప్పాలి. ఆమె దీపం పక్కకు వంచి, కన్ను భూతద్దానికి ఆనించింది.

పొరలు ఆరాక పూసిన పొరలు. నీళ్ళ మీద పొద్దుటి వెలుతురు, రాళ్ళ మీద సాయంత్రపు నీడ. ఇసుక లేదు, పురుగు లేదు, వేలిముద్ర లేదు. రంగు కింద పెన్సిలుతో కొట్టిన గళ్ళు, చిన్న బొమ్మను చూసి పెద్దదిగా దించుకునేటప్పుడు గీసేవి. ఆమెకు ఏమీ అనిపించలేదు. ఎవరి బొమ్మో చూస్తున్నట్టే ఒక్కొక్కటీ పుస్తకంలో రాసుకుంటూ పోయింది. తర్వాత నూలు పోగులు కనబడ్డాయి. నీలం, తెలుపు, గోరులో సగం కూడా లేని ముక్కలు. అమ్మ ఆ ఏడాదంతా బడిపిల్లల యూనిఫాంలు కుట్టింది. పోగులు అడుగు పొరలో ఉన్నాయి, మధ్య పొరలో ఉన్నాయి, ఆఖరి పొరలోనూ ఉన్నాయి. అంటే మొదలుపెట్టిన రోజు నుంచి ముగించిన రోజు దాకా కుట్టుమిషను అతని పక్కనే ఉంది. మిషను ఉందంటే అమ్మా ఉంది.

చీటీ రాయలేదు. సగం రోజు సెలవు పెట్టి అమ్మ ఇంటికి వెళ్ళింది.

"చూశావా?" అంది అమ్మ, ఆమె చెప్పులు విడవకముందే.

"చూశాను. ఇంట్లో వేశాడు."

"ఊఁ."

"నీ మిషను పక్కన."

"కిటికీ దగ్గర వాడు, ఈ పక్కన నేను."

ఆమె కూర్చుంది. "ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగావా? లోకంలో బొమ్మలన్నీ చూస్తావు, దీన్నీ ఒకనాటికి చూస్తావు, అప్పుడు ఇద్దరం మాట్లాడుకోవచ్చనే కదే దాన్ని అక్కడ పెట్టింది! నువ్వేమో వచ్చినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేదానివి. సరేలే, నీకు తెలియకపోతేనే మంచిదేమో అని నేనూ ఊరుకున్నాను. ఇంక మోయలేనే తల్లీ. అందుకే పంపించేశాను."

కూతురు తట్టుకోలేదని తల్లి, తల్లి తట్టుకోలేదని కూతురు, ఆదివారం తర్వాత ఆదివారం ఎదురెదురుగా కూర్చుని కూర బాగుందనీ ఎండ ఎక్కువైందనీ చెప్పుకుంటూ పంతొమ్మిదేళ్ళు గడిపేశారు. ఇంత తెలివైన కుటుంబం ఇంకోటి ఉండదు. డాక్టరమ్మకు కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. అడగకుండా మిగిలిపోయిన మాట ఒక్కటే వచ్చింది.

"ఆ రోజు ఏమన్నాడమ్మా?"

అమ్మ కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"నలభై రోజులు గడప దాటలేదే వాడు. అన్నం ఈ గదిలోకే. ఆ పొద్దున లేచి గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు. అలా బయటికెళ్ళొస్తానమ్మా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చిందే. హమ్మయ్య, నా కొడుకు మళ్ళీ మనుషుల్లో పడ్డాడనుకున్నాను. కుడుతున్న చొక్కా అక్కడే పడేసి, వాడికంటే ముందు పరిగెత్తి, తలుపు నేనే తీశాను."